క్లాసులో కాలిక్యులేటర్ గేములు: అమెరికాలోని తెలుగు అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

డాలస్ పక్కనే మా ఇల్లు. శనివారం పొద్దున మా డైనింగ్ టేబుల్ దగ్గర నలుగురైదుగురు పిల్లలకి ఆల్జీబ్రా చెబుతుంటాను. ఫీజు లేదు. వచ్చేటప్పుడు ఎవరో ఒకరు పులిహోరో సున్నుండలో పట్టుకొస్తారు. పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చిన అమ్మానాన్నలు చెప్పులేసుకుంటూ గుమ్మంలో అడిగే ప్రశ్నల్లో సగం లెక్కల గురించి ఉండవు. ఈ ఏడాది మాత్రం అందరిదీ ఒకటే గోల, కాలిక్యులేటర్‌లో గేములు. ఒక్కొక్కరికీ చెప్పలేక ఇక్కడ రాసిపెట్టాను. ప్రశ్నలు వాళ్లు అడిగిన మాటల్లోనే ఉంచాను.

కాలిక్యులేటర్‌లో గేములేంటండీ? కూడికలూ తీసివేతలూ చేసుకునేది కదా?

మనం చదువుకున్నప్పటిది అయితే అంతే. ఇక్కడ హైస్కూల్లో కొనమనేది గ్రాఫింగ్ కాలిక్యులేటర్. సమీకరణం ఎక్కిస్తే తెర మీద గీత గీసి చూపిస్తుంది. మొట్టమొదటిది కాసియో వాళ్లు 1985లో తెచ్చారు, ఎఫ్ఎక్స్-7000జీ. 1990లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల టీఐ-81 వచ్చింది, ఆ తర్వాత అమెరికా బడులు మెల్లగా అటు తిరిగాయి. ఆ కంపెనీ మన డాలస్‌దే. చేతిలో పట్టే ఎలక్ట్రానిక్ కాలిక్యులేటర్ తొలి నమూనాని 1967లో తయారుచేసింది ఆ కంపెనీలోని జాక్ కిల్బీ బృందమే.

గీత గీయాలంటే తెరలో చుక్కలుండాలి. టీఐ-83 ప్లస్ తెర 96 చుక్కల వెడల్పు, 64 చుక్కల ఎత్తు, మొత్తం 6,144 చుక్కల ముగ్గు. ఏ చుక్క నల్లబడాలో ఏది మాయమవ్వాలో ప్రోగ్రాముతో చెప్పొచ్చు. చుక్కని కదిలించగలిగితే పామునీ కదిలించొచ్చు, విమానాన్నీ కదిలించొచ్చు. లోపల ఉన్నది జెడ్80 ప్రాసెసర్, 1976లో పుట్టిన చిప్పు. ఒకప్పుడు ఇళ్లలో టీవీకి తగిలించుకునే కంప్యూటర్లు నడిచింది దాని మీదే. టీఐ-84 ప్లస్‌లో అది 15 మెగాహెర్ట్జ్ వేగంతో నడుస్తుంది. 2015లో వచ్చిన టీఐ-84 ప్లస్ సీఈకి రంగుల తెర, 48 మెగాహెర్ట్జ్ వేగం. అంటే మీరు వంద డాలర్లకి పైగా పోసి కొన్నది కాలిక్యులేటర్ వేషం వేసుకున్న ఒక బుల్లి కంప్యూటర్.

చేతిలో అంత మంచి ఫోన్ పెట్టుకుని ఈ అరచేతి తెర మీద ఆడతారా ఎవరైనా?

ఫోన్ తియ్యనివ్వరుగా. టెక్సాస్‌లో 2025-26 విద్యా సంవత్సరం నుంచి ప్రభుత్వ బడుల్లో బడి వేళల్లో ఫోన్లు వాడకూడదని చట్టమే వచ్చింది. స్మార్ట్ వాచీలూ అందులోకే వస్తాయి. కాలిక్యులేటర్‌కి వైఫై లేదు, సిమ్ లేదు. దాన్ని ఎవరూ ఆపరు, పైగా తెచ్చుకోకపోతే టీచరే తిడుతుంది.

ఇంకో రెండు సంగతులున్నాయి. దానికి స్పీకర్ లేదు, కాబట్టి ఎంత ఆడినా కిక్కురుమనదు. పాత మోడళ్లకి తెర వెనక లైటు కూడా లేదు, ముఖం మీద వెలుగు పడదు. ఇక కూర్చునే తీరు చూడండి. తల వంచి, కనుబొమలు ముడిచి, బొటనవేళ్లతో మీటలు నొక్కుతున్న పిల్లాడు దూరం నుంచి చూస్తే అచ్చం కష్టపడి లెక్క చేస్తున్నట్టే ఉంటాడు. పెదవి కొరుక్కుంటే మరీను.

మన రోజుల్లో ఇలాంటివి లేవు కదండీ?

ఉన్నాయి. మీరు మర్చిపోయారు, లేదా ముందు బెంచీలో కూర్చున్నారు.

పేజీ నంబరు చివరి అంకె చూసి పరుగులు లెక్కేసే బుక్ క్రికెట్ ఆడని వాళ్లెవరు? రాజు, రాణి, దొంగ, పోలీస్ చీటీలు మడిచి డెస్కు కింద నుంచి అందించుకోలేదూ? మాది ఇంజినీరింగ్ హాస్టల్. అందరి దగ్గరా ఒకటే కాసియో, ఎఫ్ఎక్స్-82ఎంఎస్. దాంట్లో ప్రోగ్రాములు రాయలేం, అందుకే పరీక్షలకి ఒప్పుకునేవారు. కానీ షిఫ్ట్ నొక్కి చుక్క మీట నొక్కితే ఏదో ఒక సంఖ్య ఇచ్చే సదుపాయం ఉంది. సున్నాకీ ఒకటికీ మధ్య మూడు దశాంశ స్థానాల సంఖ్య. ఒకసారి అది తెర మీద పెట్టుకుంటే తర్వాత సమానం మీట నొక్కిన ప్రతిసారీ కొత్త సంఖ్య. మా వెనక బెంచీకి అది బంతి.

మొదట్లో బుక్ క్రికెట్ లాగే చివరి అంకె పరుగులు అనుకున్నాం, సున్నా వస్తే అవుట్. రెండు గంటలు ఆడినా ఒక్కడూ అవుట్ కాలేదు. మా వాళ్లలో ఒకడు 300 దాటేశాడు. ఏమిటా అని చూస్తే, 0.450 అని రావాల్సిన చోట కాలిక్యులేటర్ 0.45 అని చూపించి ఊరుకుంటోంది. చివరి సున్నాని అది వెయ్యదు, మరి అవుట్ ఎక్కడి నుంచి వస్తుంది? అప్పుడు చుక్క తర్వాతి మొదటి అంకెకి మార్చాం. పది బంతులకి సగటున ఒక వికెట్ పడటం మొదలైంది, ఆట బతికింది. సంభావ్యత అనే పాఠం నా బుర్రకెక్కింది ఆ రోజే. ఆ గంటలో బోర్డు మీద నడుస్తున్న పాఠం ఏమిటో మాత్రం ఇప్పటికీ గుర్తు లేదు.

అసలు ఈ గేములు దాంట్లోకి ఎలా వస్తాయి? ఇంటర్నెట్ లేదంటున్నారు.

కొన్ని కంపెనీయే ఇచ్చింది. టీఐ-83 ప్లస్ కాలం నుంచి పజిల్ ప్యాక్ అని ఒక యాప్ ఉంది, అందులో బ్లాక్ డ్యూడ్ అనే గేమ్. కొన్ని మోడళ్లలో డబ్బా విప్పగానే ఉండేది. కాబట్టి మీవాడు ‘నేను వేసుకోలేదు, అదే ఉంది’ అంటే వెంటనే కొట్టిపారెయ్యకండి.

రెండో దారి తీగ. కంప్యూటర్లో ఫైలు దింపుకుని యూఎస్‌బీ తీగతో ఎక్కించడం. 1996 నుంచీ ఔత్సాహికులు కట్టుకున్న టీఐకాల్క్ అనే భాండాగారంలో వేల ప్రోగ్రాములున్నాయి. చిప్పుకి నేరుగా అర్థమయ్యే మెషిన్ భాషలో రాసినవి, కాలిక్యులేటర్ మీటలతోనే రాసుకోగల తేలిక భాష బేసిక్‌లో రాసినవి, రెండు రకాలూ.

యూఎస్‌బీ రాకముందు జరిగిన పంపకం నాకు ఇంకా ముచ్చటగా ఉంటుంది. పాత మోడళ్ల అడుగున 2.5 మిల్లీమీటర్ల చిన్న రంధ్రం ఉండేది. రెండు కాలిక్యులేటర్లకీ మధ్య మూరెడు తీగ. ఒకడు ‘రిసీవ్’ నొక్కి కూర్చుంటాడు, పక్కవాడు ‘ట్రాన్స్‌మిట్’ నొక్కుతాడు. ఊరంతటికీ ఇంటర్నెట్ ఉన్నది ఒకడి ఇంట్లోనే అయినా వారం తిరిగేసరికి బడి మొత్తానికీ గేమ్ చేరేది. తోడు పెరుగులాగా ఒక చెంచాడు చాలు.

మూడో దారి, చేత్తో రాసుకోవడం. దాని గురించి కింద విడిగా చెబుతాను, ఎందుకంటే నాకు అసలు చెప్పాలనుంది దాని గురించే.

ప్రోగ్రాముల లిస్టులో ‘డ్రగ్‌వార్స్’ అని కనబడింది. నాకు చేతులు కాళ్లు ఆడటం లేదు.

కూర్చోండి, కాసిని మంచినీళ్లు తాగండి. ఆ గేములో బొమ్మలే ఉండవు, ఉత్త అక్షరాలు. 1980లలో కంప్యూటర్ల మీద వచ్చిన ఆటకి కాలిక్యులేటర్ నకలు అది. న్యూయార్క్ పేటల్లో తిరుగుతూ సరుకు చవగ్గా ఉన్నచోట కొని, ధర పెరిగిన చోట అమ్మి, వడ్డీ వ్యాపారి అప్పు తీర్చాలి. పేరు చెడ్డది, సరుకూ చెడ్డదే, కానీ లెక్క మాత్రం టమాటా వ్యాపారం లెక్క. ఈ కాలిక్యులేటర్లలో ప్రోగ్రాము పేరు ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలు దాటకూడదు, ఈ పేరు సరిగ్గా ఎనిమిదే. పిల్లాడి వయసుని బట్టి ఆ సరుకు గురించి ఓ పది నిమిషాలు మాట్లాడండి, అది మీ ఇష్టం. వాడు దాని వల్ల చెడిపోయాడని మాత్రం అనుకోకండి.

మిగతావి చాలావరకూ పాములు, ఇటుకలు, అంతరిక్షంలో కాల్పులు. ఫీనిక్స్ అనే కాల్పుల గేమ్ ఒకటి దాదాపు ప్రతి మోడల్ మీదా ఆడింది. బ్లాక్ డ్యూడ్ వేరు, అది నిజంగా మెదడు ఆట. బుడ్డోడు ఒకడు ఉంటాడు, ఒక దిమ్మ ఎత్తు మాత్రమే ఎక్కగలడు. దిమ్మల్ని ఒక్కొక్కటే నెత్తిన పెట్టుకుని మోసి, మెట్లు కట్టుకుంటూ తలుపు దాకా చేరాలి. ఒక దిమ్మ తప్పు చోట పెడితే మొదటికి రావడమే. లెవెల్ దాటితే మూడక్షరాల పాస్‌వర్డ్ ఇస్తుంది. నోటుబుక్కు చివరి పేజీలో అర్థం పర్థం లేని మూడక్షరాల మాటలు వరసగా కనబడితే అవి ప్రేమలేఖ సంకేతాలు కావు.

మా పోరడు రాత్రి పన్నెండు దాంక కాలిక్యులేటర్ పట్టుకొని కూసుంటున్నడు. హోంవర్కే అంటడు. ఎట్ల తెల్సుకోవాలె?

అక్కా, బొటనవేళ్లు చూడండి. లెక్క చేసేవాడు అంకెల మీటల మీద ఉంటాడు, మధ్యమధ్య పెన్సిల్ పట్టుకుంటాడు. ఆడేవాడు పైన కుడివైపున్న నాలుగు బాణాల మీదే ఉంటాడు, పెన్సిల్ చెవి మీద ఉంటుంది. గ్రాఫు మీద బిందువులు వెతికేటప్పుడు కూడా బాణాలు నొక్కుతారు కానీ అలా టకటకా నొక్కరు.

బ్యాటరీలు ఇంకో సాక్ష్యం. టీఐ-83 ప్లస్, 84 ప్లస్‌లకి సన్న బ్యాటరీలు నాలుగు కావాలి. మా పక్కింట్లో టీవీ రిమోట్ నెలకోసారి పనిచేయడం మానేస్తే రిమోట్ పాడైందనుకుని కొత్తది కొన్నారు. కొత్త రిమోట్‌లో బ్యాటరీలూ నడిచి వెళ్లిపోయాయి. రంగుల తెర సీఈకి ఛార్జింగే కాబట్టి ఈ ఉపాయం పనికిరాదు.

టీచర్ పక్కకి వస్తే ఏం చేస్తారు?

గేములు రాసేవాళ్లకి ఈ బాధ తెలుసు, ఎందుకంటే వాళ్లూ విద్యార్థులే. అందుకే కొన్ని గేముల్లో, గేముల్ని నడిపించే షెల్ ప్రోగ్రాముల్లో ఒక మీట పెట్టారు. నొక్కగానే ఆట మాయం, మామూలు లెక్కల తెర ప్రత్యక్షం. దాని పేరే టీచర్ కీ. ఆఫీసు కంప్యూటర్ గేముల్లో మేనేజర్ కోసం పెట్టిన బాస్ కీకి ఇది తమ్ముడు.

టీచర్లూ తక్కువ వాళ్లేం కాదు. ఇరవై ఏళ్లు అదే బల్లల మధ్య తిరిగిన మనిషికి, ఇంగ్లీషు పాఠంలో కాలిక్యులేటర్ ఎందుకు బయట ఉందో తెలియదా? బేసిక్‌లో రాసిన ప్రోగ్రాము నడుస్తున్నప్పుడు తెర పైన కుడి మూలలో చిన్న గుర్తు కదులుతూ ఉంటుంది. చూపు బాగున్న టీచర్‌కి అది చాలు.

పరీక్ష ముందు మెమొరీ మొత్తం చెరిపేస్తే పీడ పోతుంది కదా?

చెరపడం తేలిక. సెకండ్ మీట, ప్లస్ మీట, 7, 1, 2. ‘ర్యామ్ క్లియర్డ్’ అని వస్తుంది. చాలామంది టీచర్లు పరీక్ష ముందు వరసల మధ్య తిరుగుతూ చేయించేది ఇదే.

కానీ ఆ నొక్కుడుతో పోయేది ర్యామ్‌లో, అంటే తాత్కాలిక మెమొరీలో ఉన్నదే. టీఐ-83 ప్లస్ నుంచీ ఆర్కైవ్ అని ఇంకో గది ఉంది, దాంట్లో పెట్టిన ప్రోగ్రాము పేరు పక్కన నక్షత్రం గుర్తు ఉంటుంది. ర్యామ్ తుడిచినా నక్షత్రం పడిన వాటికి ఏమీ కాదు. ఈ సంగతి పిల్లలకి మొదటి వారంలోనే తెలిసిపోతుంది.

ఇంకా ముదుర్లు ఏం చేస్తారంటే, చెరిపే తెరలాగే కనిపించే దొంగ ప్రోగ్రాము రాసుకుంటారు. టీచర్ చెప్పిన మీటలన్నీ నొక్కుతారు, చెప్పిన మాటలన్నీ తెర మీద వస్తాయి, లోపల ఒక్క అక్షరం చెరగదు. దొంగ తెర బేసిక్‌లో రాసింది అయితే పట్టుకోవడం సులువే, మధ్యలో ఆన్ మీట ఒక్కసారి నొక్కండి. ప్రోగ్రాము ఆగిపోయి ‘బ్రేక్’ అని తప్పు చూపిస్తుంది. అసలు మెనూ అయితే అలా చెయ్యదు. దొంగ తెరని మెషిన్ భాషలో రాసిన వాడైతే ఈ మంత్రం పారదు. కానీ పదహారేళ్లకి అంత రాయగలిగినవాడికి అల్జీబ్రా పరీక్షలో దొంగతనం చేయాల్సిన అవసరం ఏమొచ్చిందో నాకైతే అర్థం కాదు.

ఇదంతా చూసే కంపెనీ వాళ్లు పరీక్ష మోడ్ పెట్టారు. 84 ప్లస్ ఆపేసి, ఎడమ కుడి బాణాలు రెండూ నొక్కి పట్టి ఆన్ చేస్తే ప్రోగ్రాములూ యాప్‌లూ పనిచేయవు. మళ్లీ మామూలు కావాలంటే ఇంకో కాలిక్యులేటర్‌కో కంప్యూటర్‌కో తీగతో కలపాలి. అదే కంపెనీ ఇంకో మోడల్ టీఐ-ఎన్‌స్పైర్‌లో అయితే ఆ మోడ్‌లో ఉన్నంతసేపూ పైన లైటు మిణుకుమంటుంది, టీచర్ గది చివర నుంచే చూసుకోవచ్చు.

ఇంట్లో మాత్రం మీరే కూర్చుని చెరపకండి. నా దగ్గరకి వచ్చే పిల్లాడొకడు మూడు వారాలు కష్టపడి ఒక ప్రోగ్రాము రాసుకున్నాడు. వాళ్ల నాన్నగారు ఒకరోజు ‘గేములన్నీ తీసేశా’ అని గర్వంగా చెప్పారు. ఆ శనివారం వాడు పెన్సిల్ ముట్టుకోలేదు, సున్నుండ కూడా ముట్టుకోలేదు.

గేమ్ ఆడటం చీటింగ్ కిందకి వస్తుందా?

రాదు. పాఠం వినకపోవడం వేరు, పరీక్షలో మోసం వేరు. కాలిక్యులేటర్‌లో సూత్రాలు దాచుకుని, తేవద్దన్న పరీక్షకి తేవడం మోసం. టెక్సాస్ రాష్ట్రం బడి పిల్లలకి పెట్టే స్టార్ పరీక్షకి కాలిక్యులేటర్‌లో ప్రోగ్రాములు ఉండకూడదు. అదే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) కాలిక్యులస్ పరీక్షకి మెమొరీ చెరపాలన్న నియమం లేదు. కొన్ని భాగాలకి గ్రాఫింగ్ కాలిక్యులేటర్ తప్పనిసరి, మిగతా భాగాలకి అసలు ముట్టుకోకూడదు. ప్రశ్నలు కూడా ప్రోగ్రాము ఉన్నంత మాత్రాన జవాబు దొరికేలా ఇవ్వరు. ఏ పరీక్షకి ఏ నియమమో పిల్లాడి చేతే చదివించి చెప్పించుకోండి, మీకూ తెలుస్తుంది.

వైరస్‌లూ అవీ?

దానికి బయటి ప్రపంచంతో సంబంధమే లేదు. మహా అయితే బిగుసుకుపోతుంది, లేదా ర్యామ్ తుడిచిపెట్టుకుపోతుంది. ఆ గేమ్ ఫైళ్లు దింపుకోవడానికి ఇంట్లో కంప్యూటర్ మీద ఎక్కడెక్కడ నొక్కుతున్నాడో, అది చూసుకోండి.

మావాడు గేమ్ తనే రాశానంటున్నాడు. నమ్మొచ్చా?

ఇదిగో, ఈ ప్రశ్న అడిగిన తల్లికి నేను ఆ రోజు కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాను.

నమ్మే ముందు చిన్న పరీక్ష పెట్టండి. ‘పై బాణం నంబరెంత?’ అని అడగండి. కాపీ కొట్టినవాడు మీ ముఖం చూస్తాడు. రాసినవాడు ఆలోచించకుండా 25 అంటాడు. ఎందుకంటే బేసిక్‌లో ఏ మీట నొక్కారో కనుక్కునే ఆజ్ఞ గెట్‌కీ. అది మీట పేరు చెప్పదు, నంబరు చెబుతుంది. ఆ నంబరులో మొదటిది వరస, చివరి అంకె ఆ వరసలో ఎన్నో మీట అన్నది. పై బాణం రెండో వరసలో ఐదోది, అందుకే 25. ఎడమ 24, కుడి 26, కింద బాణం 34. ఎంటర్ పదో వరసలో ఐదోది, 105. చేత్తో ఒక్క గేమ్ రాసినా ఈ అంకెలు ఎక్కాల్లాగా నోటికి వచ్చేస్తాయి.

తర్వాత ‘పాము గోడ దాటి వెళ్లిపోకుండా ఎలా ఆపావు?’ అని అడగండి. ఇక్కడ మీకు అర్థమయ్యే తెలుగులోనే చెప్పగలగాలి: అడ్డం విలువ ఒకటి కంటే తగ్గినా, పదహారు కంటే పెరిగినా ఆట అయిపోయినట్టు. ఆ 16 ఎక్కడిదంటే, 83, 84 ప్లస్‌ల అక్షరాల తెరలో అడ్డంగా 16 గళ్లు, నిలువుగా 8 వరసలు ఉంటాయి. అసమీకరణాలు అని మనం బోర్డు మీద గీసి గీసి చెప్పేది ఇదే. బోర్డు మీద ఉన్నప్పుడు ఆవలించిన పిల్లాడే ఇక్కడ ‘తక్కువా, తక్కువ లేదా సమానమా’ అని పావుగంట తర్కించుకుంటాడు. గుర్తు ఒకటి తప్పితే పాము గోడలోకి దూరిపోతుంది మరి.

మాకు వచ్చే పిల్లల్లో ఒకమ్మాయి ఉంది, తొమ్మిదో తరగతి. దసరాకి వాళ్లింట్లో బొమ్మల కొలువు పెడితే వెళ్లాం. పెద్దవాళ్లు శనగలు పంచుతుంటే, కొలువు పక్కన కింద కూర్చుని కాలిక్యులేటర్ నొక్కుకుంటోంది. ఆడుతోందనుకున్నాను. చూస్తే, యాభై వరసల ప్రోగ్రాము. బంతి తెర అంచుకి తగిలి వెనక్కి రావాలి, రావడం లేదు. ‘అంకుల్, వేగానికి ముందు మైనస్ పెట్టాను, అయినా వణుకుతోంది’ అంది. బంతి గోడ లోపలికి ఒక గడి దూరిన తర్వాత ఈ పిల్ల దిక్కు మారుస్తోంది, మారిన మరుక్షణం అది ఇంకా గోడలోనే ఉంది కాబట్టి మళ్లీ మారుస్తోంది, అలా అక్కడే కొట్టుకుంటోంది. నేను ఉద్యోగంలో చూసే పెద్ద పెద్ద తప్పుల్లో సగానికి ఇదే ఆకారం. ఇద్దరం బుర్రలు పెట్టి సరిచేసేసరికి హారతి అయిపోయింది, మా ఆవిడ చూపు ఇంకా నా మీదే ఉంది.

అందుకే నా మాట ఏమిటంటే, ‘గేమ్ ఆడావా’ అని అడక్కండి. ‘ఇది ఎవరు రాశారు, నువ్వు ఏమైనా మార్చగలవా’ అని అడగండి. బేసిక్‌లో ఉన్న గేమ్ అయితే ఎడిట్ నొక్కగానే లోపలి వరసలన్నీ కనబడతాయి, దాచిపెట్టరు. ఫోన్‌ గేముల్లో దాదాపు దేనికీ ఈ వీలు లేదు. మొదట్లో అందరూ ఒకటే చేస్తారు, ప్రాణాలు మూడు అని ఉన్నచోట తొంభై తొమ్మిది అని మారుస్తారు. అదీ ప్రోగ్రామింగే. 2021లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఉన్న సీఈ మోడల్ కూడా వచ్చింది కాబట్టి ఇప్పటి పిల్లలు అటూ వెళ్లొచ్చు.

కంపెనీ వాళ్లు ఇవన్నీ ఆపెయ్యొచ్చు కదా?

కొంత ఆపారు, కొంత ఆపలేకపోయారు. 2009లో ఒక ఔత్సాహికుడు టీఐ-83 ప్లస్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి వేసిన 512 బిట్ల డిజిటల్ తాళాన్ని ఇంట్లోని ఒక్క కంప్యూటర్‌తో దాదాపు 73 రోజులు లెక్క నడిపించి విడగొట్టాడు. పెద్ద సంఖ్యని రెండు ప్రధాన సంఖ్యలుగా విడదీయడమే ఆ లెక్క, మనం ఆరో తరగతిలో చేసే కారణాంకాలే, కాకపోతే సంఖ్య 154 అంకెలది. దాన్ని నెట్‌లో పెట్టినవాళ్లకి కంపెనీ కాపీరైట్ నోటీసులు పంపింది. డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ లాయర్లు ఆ ఔత్సాహికుల తరఫున నిలబడ్డారు.

2020లో సీఈకి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చి, మెషిన్ భాషలో రాసిన ప్రోగ్రాములు నడవకుండా చేశారు. పరీక్ష మోడ్‌ని దాటేసే దారి బయటపడటం దానికి కారణం. బేసిక్ మాత్రం ఉంచారు. కొన్ని నెలలకే ఔత్సాహికులు దానికీ తాళంచెవి చేశారు. మీ పిల్లాడు ‘అప్‌డేట్ చెయ్యొద్దు నాన్నా’ అని బతిమాలితే ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా.

ఎస్ఏటీకి ఇప్పుడు తెర మీదే కాలిక్యులేటర్ ఇస్తున్నారట. ఇంకా కొనాలా?

అమెరికాలో 2024 మార్చి నుంచి ఎస్ఏటీ, అదే కాలేజీ ప్రవేశాల పరీక్ష, పూర్తిగా కంప్యూటర్ మీదే. డెస్మోస్ గ్రాఫింగ్ కాలిక్యులేటర్ అందులోనే ఉంటుంది, మనది కూడా తీసుకెళ్లొచ్చు. స్కూల్ లిస్టులో ఉంటే కొనండి, లేకపోతే సీనియర్ల దగ్గర పాతది తీసుకోండి. ఇవి పదేళ్లయినా చెక్కుచెదరవు. పాతదైతే గేములు ఉచితం.

ఇండియాలో మా అన్నయ్య పిల్లలకి ఈ గొడవే లేదు. వాళ్లే నయం కదా?

వాళ్లకి కాలిక్యులేటరే లేదు. ఈఏపీసెట్‌కి లేదు, జేఈఈ మెయిన్‌కి లేదు, చేత్తోనే చెయ్యాలి. గేట్‌కి వెళ్తే తెర మీద సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఒకటి ఇస్తారు, మౌస్‌తో నొక్కుకోవాలి. ఆ పిల్లలు లెక్క వేగంలో మనవాళ్లని ఎక్కడో వదిలేస్తారు, నిజమే. ఆటలు లేవని మాత్రం అనుకోకండి. మా మేనల్లుడు విజయవాడలో కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఉన్నాడు, స్టడీ అవర్‌లో రఫ్ పేపర్ మీద చుక్కలాట ఆడతాడు. వార్డెన్ వస్తే దాన్నే మాత్రికల లెక్క అంటాడు.

దొరికితే స్కూల్ ఏం చేస్తుంది?

అది టీచర్ని బట్టి. మామూలుగా గంట కొట్టేదాకా తీసి పెట్టుకుంటారు, మళ్లీ దొరికితే ఇంటికి మెయిల్. పరీక్ష సమయంలో దొరికితే గేమ్ అయినా సరే తీరు వేరేగా ఉంటుంది, అక్కడ వాదించడానికి వెళ్లకండి.

అంకుల్, మీరు మా నాన్నకి చెప్పేస్తారా?

(ఇది పెద్దవాళ్లు అడిగింది కాదు. పోయిన శనివారం అందరూ వెళ్లాక ఒకడు వెనక్కి వచ్చి అడిగాడు.)

చెప్పను రా. అయితే బ్లాక్ డ్యూడ్‌లో ఆ ఏడో లెవెల్ ఎలా దాటావో వచ్చే వారం చూపించాలి. వారం రోజులుగా అక్కడే ఉన్నాను, తలుపు ముందు మెట్టుకి ప్రతిసారీ ఒక్క దిమ్మ తక్కువ పడుతోంది.